పలాస జీడిపప్పు అమెరికా పంపాలంటే ప్రభుత్వం నుంచి నిజంగా వచ్చేదెంత?

అమ్మా, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కాశీబుగ్గలో నాన్నగారి జీడి ఫ్యాక్టరీ ఇప్పుడు మీ చేతికొచ్చింది. రోజుకి పన్నెండు బస్తాల పిక్క (పెంకుతో ఉన్న జీడి గింజ) కటింగ్ అవుతోంది. న్యూజెర్సీలో ఉన్న మీ మేనత్త కొడుకు ద్వారా అక్కడి హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన డబ్ల్యూ 320 గుళ్లు (పౌనుకి 320 దాకా తూగే విరగని పప్పు) ఒక కంటైనర్ అడుగుతున్నాడు, డబ్బు మాత్రం సరుకు చేరిన 90 రోజులకి ఇస్తానంటున్నాడు. ఎగుమతి చేస్తే ప్రభుత్వం సబ్సిడీలు బాగా ఇస్తుందట, అవి ఏమిటి, ఆ ధైర్యంతో ఈ ఆర్డర్ ఒప్పుకోవచ్చా అని మీ ప్రశ్న.

నేను పలాసలోనే ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. అందులో సగం కాలం పక్క ఊరి ఎగుమతిదారుకి సరుకిచ్చాను, మిగతా సగం నా పేరు మీదే విశాఖ నుంచి పంపుతున్నాను. ఇంత అమ్మితే ఇంత అని చేతిలో పెట్టే సబ్సిడీ కోసం చూస్తే నిరాశే. ఉన్న సాయం మాత్రం చిన్నదేమీ కాదు. కాకపోతే అది సరుకుకి ముందు నడవదు, వెనకాల వస్తుంది. కంటైనర్ మీ గేటు దాటేలోపు కాగితం సరిగ్గా ఉంటే వస్తుంది, లేకపోతే ఎన్ని ఆఫీసులు తిరిగినా రాదు. నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది, మీరు పోగొట్టుకోకుండానే తెలుసుకోవాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో ఎక్కడా అది లేదు. అమెరికాకి పప్పు వెళ్లేది 50 పౌన్ల కార్టన్‌లో, అంటే 22.68 కిలోలు, లోపల 25 పౌన్ల వాక్యూమ్ పౌచ్‌లు రెండు. 20 అడుగుల కంటైనర్‌లో అలాంటివి 700 కార్టన్లు పడతాయి, మొత్తం 15,876 కిలోలు. మన 80 కిలోల బస్తాకి మంచి పిక్క అయితే 48 పౌన్ల పప్పు దిగుతుందనుకోండి, అంటే 21.77 కిలోలు. పన్నెండు బస్తాలకి రోజుకి 260 కిలోల పైచిలుకు. గుళ్లు, బద్దలు, ముక్కలు, నూక అన్నీ కలిపి లెక్కేసినా కంటైనర్ నిండడానికి 61 రోజులు. ఆయన అడుగుతున్నది డబ్ల్యూ 320 ఒక్కటే. మీ దిగుబడిలో అది మూడో వంతు ఉంటే ఆరు నెలల పని. ఆరు నెలల పాటు ఆ సరుకు ఎక్కడ పెడతారు, పిక్కకి పెట్టిన డబ్బుకి వడ్డీ ఎవరు కడతారు, మొదటి నెలలో పీలింగ్ అయిన పప్పు ఆరో నెలకి తెల్లగా ఉంటుందా? ఒక్క ఫ్యాక్టరీ సరుకుతో ఈ కంటైనర్ నింపడం మీ వల్ల కాదు, ఇందులో చిన్నతనమేమీ లేదు, పలాసలో చాలామంది పరిస్థితి ఇదే.

అందుకే మొట్టమొదట వాడుకోవలసిన సాయం పేరు పెద్దగా ఎవరూ చెప్పరు. ఇప్పటికే ఎగుమతి చేస్తున్నవాళ్లకి మీరు సరుకు అమ్మితే, అది ఎగుమతికే అని ముందుగా ఆర్డర్ ఉంటే, మామూలు 5 శాతం జీఎస్టీ బదులు 0.1 శాతం మాత్రమే వేసి బిల్లు ఇవ్వవచ్చు. 2017 అక్టోబరు నుంచి ఉన్న నోటిఫికేషన్ అది. షరతులున్నాయి: ఆయన మీ బిల్లు తేదీ నుంచి 90 రోజుల లోపు సరుకు దేశం దాటించాలి, షిప్పింగ్ బిల్లులో (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రంలో) మీ జీఎస్టీ నంబరు, మీ బిల్లు నంబరు ఉండాలి, ఆ కాపీ మీకు ఇవ్వాలి. ఆ కాపీ చేతికొచ్చేదాకా వదలకండి. ఆయన దాటించకపోతే మిగతా పన్ను మీ నెత్తిన పడుతుంది. ఇలా ఒక ఏడాది ఇంకొకరి కంటైనర్‌లో యాభయ్యో వందో కార్టన్లు పంపితే, మీ పప్పు అక్కడ ల్యాబ్‌లో ఎలా నిలబడుతోందో, తేమ ఎంత వస్తోందో, ఎన్ని గుళ్లు దారిలో విరుగుతున్నాయో అన్నీ మీకు తెలిసొస్తాయి. నాకైతే ఆ పదేళ్లే పాఠశాల.

ఇక మీ పేరు మీద పంపాలంటే కావలసిన రిజిస్ట్రేషన్లు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) మీకు ఎలాగూ ఉందన్నారు. ఐఈసీ అనే ఎగుమతిదారు కోడ్ ఆన్‌లైన్‌లోనే, ఫీజు 500 రూపాయలు, ఏజెంటుకి ఐదారు వేలు ఇవ్వవలసిన పని లేదు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఏమీ మారకపోయినా ఒకసారి లోపలికి వెళ్లి అప్‌డేట్ నొక్కాలి, మర్చిపోతే ఐఈసీ ఆగిపోతుంది, సరిగ్గా కంటైనర్ లోడవుతున్న రోజునే అది తెలుస్తుంది. ఎగుమతి మండలి సభ్యత్వం ఇదివరకు కొల్లాంలోని జీడిపప్పు మండలి దగ్గర తీసుకునేవాళ్లం, ఇప్పుడు జీడిపప్పు అపెడా (వ్యవసాయ ఎగుమతుల కేంద్ర సంస్థ) పరిధిలోకి వచ్చింది. మీ బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ డబ్బు వచ్చే బ్రాంచి కోడ్) విశాఖ పోర్టుకి రిజిస్టర్ చేయించాలి. ఇవన్నీ పది పదిహేను రోజుల పని, కష్టమేమీ కాదు. అనుమానం వస్తే విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ ఆఫీసు విశాఖలోనే ఉంది, వెళ్లి కూర్చుని అడగండి, చెప్తారు.

జీఎస్టీ దగ్గర మాత్రం నిదానించాలి. ఎగుమతి మీద పన్ను సున్నా అంటారు గానీ ఆ సున్నా దానంతటదే రాదు. ఏటా ఏప్రిల్‌లో ఎల్‌యూటీ అని ఒక హామీ పత్రం పోర్టల్‌లో పెట్టాలి, పైసా ఖర్చు లేదు. అది లేకుండా పంపితే ముందు పన్ను కట్టి తర్వాత వాపసు కోసం చూడాలి. లెక్క కోసం కిలో 700 అనుకోండి, మీ కంటైనర్ విలువ 1,11,13,200 రూపాయలు. దాని మీద 5 శాతం అంటే ఐదున్నర లక్షలకి పైన. రెండు నెలలు ఆ డబ్బు ఇరుక్కుంటే మీ పిక్క కొనుగోలు ఆగిపోతుంది. ఎల్‌యూటీ మీద పంపితే, ఉద్దానం రైతు దగ్గర కొన్న పిక్క మీద రైతు బదులు మీరే కట్టిన (రివర్స్ ఛార్జీ) పన్ను, కార్టన్ల మీద, రవాణా మీద కట్టిన పన్ను లాంటివి కలిపి రీఫండ్ అడగవచ్చు. దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చిన ఏడు రోజుల్లో 90 శాతం తాత్కాలికంగా ఇవ్వాలని రూలు. రూలు రూలే, ఆచరణలో మీ రిటర్నులో అంకె, షిప్పింగ్ బిల్లులో అంకె ఒక్క రూపాయి తేడా లేకుండా ఉంటేనే ఆ ఏడు రోజులు నిజమవుతాయి. మీ అకౌంటెంట్ ఈ పని ఎప్పుడూ చేయని మనిషైతే మొదటిసారి విశాఖలో ఎగుమతుల పని తెలిసిన ఆడిటర్‌ని పెట్టుకోండి, ఆ ఫీజు దగ్గర పీనాసితనం వద్దు.

రోడ్‌టెప్ అనే పథకం సంగతికొద్దాం. సబ్సిడీ అని జనం అనేది ఎక్కువగా దీన్నే. ఇది బహుమానం కాదు. లారీ డీజిల్ మీద వ్యాట్, కరెంటు మీద సుంకం, మార్కెట్ సెస్సు లాంటి, జీఎస్టీలోకి రాని పన్నులు మీ ధరలో కలిసిపోయి ఉంటాయి కదా, వాటిని ఒక శాతం లెక్కన తిరిగి ఇవ్వడం. 2021 జనవరి 1 నుంచి ఉంది, అంతకుముందు ఎంఈఐఎస్ అనే పథకం ఉండేది. డబ్బుగా రాదు, కస్టమ్స్ పోర్టల్‌లో స్క్రిప్‌గా, అంటే సుంకానికి పనికొచ్చే జమగా పడుతుంది. దాంతో దిగుమతి సుంకం కట్టుకోవచ్చు, మనకి దిగుమతి లేకపోతే వేరేవాళ్లకి కాస్త తగ్గించి అమ్ముకోవచ్చు. రేట్లు, పరిమితులు సరుకుని బట్టి ఉంటాయి, ప్రభుత్వం అప్పుడప్పుడు మారుస్తుంది, కాబట్టి ధర చెప్పే రోజున మీ కోడ్ 080132 ఎదురుగా ఏముందో చూసి మరీ చెప్పండి. లెక్క కోసం 1 శాతం అనుకుంటే మీ కంటైనర్ మీద లక్షా పదకొండు వేలు.

ఆ లక్ష నేను ఎలా పోగొట్టుకున్నానో చెప్తాను. పథకం కొత్తగా వచ్చిన రోజులు. క్లియరింగ్ ఏజెంటు చెక్ లిస్టు (షిప్పింగ్ బిల్లు చిత్తుప్రతి) ఫోన్‌కి పంపాడు. రాత్రి తొమ్మిదిన్నర, ఇక్కడ ఆఖరి లాటుకి వాక్యూమ్ పడుతోంది. చిన్న తెర మీద బరువు, విలువ, పోర్టు పేరు చూసి ఓకే అని పెట్టేశాను. సరుకు వెళ్లిన మూడు వారాలకి స్క్రిప్ ఎందుకు పడలేదా అని ప్రింటు తీసి చూస్తే, సరుకు వివరాల కింద చిన్న అక్షరాల్లో రోడ్‌టెప్ ఎదురుగా వై ఉండాల్సిన చోట ఎన్ అని ఉంది. ఒక్క అక్షరం. నాకు ఈ ప్రయోజనం వద్దు అని నేనే రాసిచ్చినట్టు లెక్క. సవరణ కోసం విశాఖకి నాలుగుసార్లు తిరిగాను, ఫలితం లేదు. అప్పటి నుంచి చెక్ లిస్టు ప్రింటు తీయించి, స్కేలు పెట్టి వరస వరస చదివి, ఆ వై చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాకే సంతకం చేస్తాను. మా అబ్బాయి ఫోన్లోనే చూడొచ్చు కదా నాన్నా అంటాడు. ఫోన్లో చూసే కదా పోయింది.

పెట్టుబడి సంగతికొద్దాం. ఆర్డరు కాగితం గానీ ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) గానీ చూపిస్తే బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు తయారీకి ఎగుమతి అప్పు) ఇస్తుంది, మామూలు క్యాష్ క్రెడిట్ కన్నా వడ్డీ తక్కువ, డాలర్లలో తీసుకుంటే కొన్నిసార్లు ఇంకా తక్కువ. దీని మీద 2015 ఏప్రిల్ నుంచి కేంద్రం వడ్డీ రాయితీ ఇచ్చేది, అది 2024 డిసెంబరు 31తో ఆగింది. ఏడాది పాటు చిన్నవాళ్లం నిజంగా ఇబ్బంది పడ్డాం. 2025 నవంబరులో ఎగుమతి ప్రోత్సాహక మిషన్ అని ఆరేళ్లకి 25,060 కోట్లతో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. దాని కింద 2026 జనవరిలో చిన్న పరిశ్రమలకి 2.75 శాతం వడ్డీ రాయితీ ప్రకటించారు, జాబితాలో ఉన్న సరుకులకే. మీ బ్రాంచి మేనేజరుకి ఈ సర్క్యులర్ అంది ఉండకపోవచ్చు, మన వైపు బ్రాంచిల్లో ఎగుమతి రుణాలు ఏడాదికి రెండో మూడో చూస్తారు. నిరుత్సాహపడి వచ్చేయకండి. విశాఖలో ఆ బ్యాంకు ఫారెక్స్ బ్రాంచి ఉంటుంది, ఖాతా ఇక్కడే ఉంచుకుని పని అక్కడ చేయించమని అడగండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. నా అభిప్రాయంలో ఎగుమతిదారుకి ప్రభుత్వం చేసిన అసలైన మేలు రోడ్‌టెప్ కాదు, ఈసీజీసీ. ఎగుమతి డబ్బు రాకపోతే నష్టానికి బీమా ఇచ్చే, 1957లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ. కొన్నవాడు దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా, ఆ దేశంలో యుద్ధమో ఆంక్షలో వచ్చి డబ్బు ఆగినా, పాలసీని బట్టి నష్టంలో 90 శాతం దాకా ఇస్తుంది. విశాఖలో బ్రాంచి ఉంది. మన వాళ్లు దీన్ని ఖర్చు కింద చూస్తారు, ప్రీమియం దండగ అంటారు. నేనూ అన్నాను.

నా పేరు మీద వెళ్లిన మూడో కంటైనర్. కొన్నది ఎవరో, ఏ దేశమో ఇక్కడ చెప్పను. మొదటి రెండింటికీ డబ్బు చెప్పిన రోజుకి వచ్చింది కాబట్టి మూడోది 60 రోజుల అప్పు మీద ఇచ్చాను. ఓడ మధ్యలో ఉండగా అక్కడ ధర పడిపోయింది. సరుకు దిగిన వారానికి మెయిల్ వచ్చింది, పప్పులో తేమ ఎక్కువ ఉందట, పురుగు కనిపించిందట, మాకు వద్దు అని. నా దగ్గర ఏముంది చూపించడానికి? మా ఫ్యాక్టరీలో మేమే రాసుకున్న నోటు పుస్తకం. కంటైనర్ ఆ పోర్టులో కూర్చుంది, రోజుకింత అని డెమరేజీ (ఆలస్యపు అద్దె) ఎక్కుతోంది, ఇంట్లో ఫోన్ మోగితే గుండె దడ. చివరికి అదే ఊళ్లో ఇంకొకరికి బాగా తగ్గించి ఇచ్చేశాను. ఆ ఏడు పీలింగ్ అమ్మలకి దసరాకి బోనస్ ఇవ్వలేకపోయాను, అది ఇప్పటికీ నా మనసులో ఉంది.

తర్వాత తెలిసిందేమిటంటే అప్పుడు ఈసీజీసీ పాలసీ ఉన్నా నాకు రూపాయి వచ్చేది కాదు. కొన్నవాడు నాణ్యత బాగాలేదని గొడవ పెడితే, ఆ గొడవ మనవైపు తేలేదాకా వాళ్లు ఇవ్వరు. ఈ మాట పాలసీలో స్పష్టంగా రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. కాబట్టి పాలసీతో పాటు ఇంకో రెండు పనులు విడవకుండా చేయాలి. ఒకటి, లోడింగ్‌కి ముందు కొనేవాడు ఒప్పుకున్న తనిఖీ సంస్థ మనిషి వచ్చి శాంపిల్ తీసి రిపోర్టు ఇవ్వాలి, ఆ రిపోర్టే ఆఖరి మాట అని ఒప్పందంలో ఉండాలి. రెండోది, ప్రతి లాటు నుంచి తీసిన శాంపిల్ సీలు వేసి, లాటు నంబరు, తేదీ, ఆ తనిఖీ మనిషి సంతకంతో మీ దగ్గర ఉంచుకోవాలి. మా ఆఫీసు గది బీరువాలో ఇప్పుడు రెండేళ్ల డబ్బాలు వరసగా ఉంటాయి. ఆ వరస చూస్తే నాకు నిద్ర పడుతుంది.

ఈసీజీసీ దగ్గర ఇంకో మెలిక. పాలసీ తీసుకోగానే అయిపోలేదు, ప్రతి కొనుగోలుదారు మీదా విడిగా క్రెడిట్ లిమిట్ అడగాలి. వాళ్లు ఆయన చరిత్ర వాకబు చేసి ఇంతవరకు అప్పు ఇవ్వచ్చు అని చెప్తారు. మీరు పైసా ప్రీమియం కట్టక ముందే ఇది మీకు ఉపయోగం: మీ మేనత్త కొడుకు మంచివాడే కావచ్చు, ఆయనకి తెలిసిన వ్యాపారి గురించి ఆయనకి ఎంత తెలుసు? ఈసీజీసీ లిమిట్ ఇవ్వనంటే అదే మీకు జవాబు. డబ్బు గడువు దాటిన సంగతి కూడా పాలసీలో రాసిన రోజుల్లోపు వాళ్లకి తెలపాలి, మొహమాటానికి పోయి ఆగితే క్లెయిము పోతుంది. రిజర్వు బ్యాంకు ఎగుమతి డబ్బు రప్పించుకోవడానికి గడువు 2025 నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకి పెంచింది. అది మీ మీద ఫెమా (విదేశీ మారక చట్టం) కేసు పడకుండా వెసులుబాటు మాత్రమే, కొనేవాడికి అంత కాలం అప్పు ఇవ్వమని కాదు. కొందరు కొనేవాళ్లు దాన్ని చూపించి గడువు పొడిగించమంటున్నారు, ఒప్పుకోకండి.

అమెరికా మార్కెట్ గురించి ప్రత్యేకంగా. జీడిపప్పు మీద వాళ్ల మామూలు సుంకం సున్నా. కానీ 2025లో జరిగింది మీరు చూశారు, ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27కి 50 శాతం అయింది మన దేశపు సరుకు మీద. నవంబరులో టీ, కాఫీ, మసాలాలతో పాటు జీడిపప్పుని కూడా ప్రతీకార సుంకం నుంచి తప్పించారు. ఆ తర్వాత కూడా సుంకాలు మారుతూనే ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ అక్కడికి చేరే లోపల రేటు మారిపోవచ్చన్నమాట. అందుకని ధర ఎఫ్‌ఓబీ విశాఖ (విశాఖలో ఓడెక్కించేదాకానే మన ఖర్చు) అని చెప్పండి, మహా అయితే సీఐఎఫ్ (ఓడ కిరాయి, బీమా కూడా మనవే). సుంకం కూడా మీరే కట్టి గోడౌన్‌కి చేర్చండి అనే డీడీపీ మాట వస్తే అక్కడే ఆపేయండి. కొనేవాళ్లు ఈ మధ్య అది తెగ అడుగుతున్నారు.

ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ సంస్థ) రిజిస్ట్రేషన్ మీ ఫ్యాక్టరీకి తప్పనిసరి. అది ఉచితం. అక్కడ ఒక ఏజెంటు పేరు ఇవ్వాలి, దానికి ఖర్చు ఉండొచ్చు. సరి సంవత్సరాల్లో అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు రెన్యూ చేయాలి. ఫ్రేమ్ కట్టి గోడకి తగిలించే ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ అంటూ 40 వేలు అడిగేవాళ్లు మన దగ్గరికి కూడా వస్తున్నారు. ఎఫ్‌డీఏ అలాంటి సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రతి షిప్‌మెంటుకీ ముందస్తు సమాచారం వెళ్లాలి, అక్కడ కొనేవాడు మీ ఫ్యాక్టరీ ఆహార భద్రత రికార్డులు తన దగ్గర ఉంచుకోవాలి, కాబట్టి ఆయన అడిగే కాగితాలు చూసి విసుక్కోకండి. అసలు అవి అడగని వ్యాపారినే అనుమానించాలి.

ఆ కాగితాల వెనక నిజంగా మార్పు రావాలి. మా దగ్గర ఒక శాంపిల్‌లో పచ్చటి గాజు ముక్క వచ్చింది, గోరంత కూడా లేదు. పీలింగ్ బల్ల దగ్గర కూర్చున్న అక్కలందరి చేతులకీ డజను గాజులు. తీసి పని చేయమంటే ఎవరూ ఒప్పుకోలేదు, ముత్తైదువులు, మనం అడగడం కూడా తప్పే. చివరికి మోచేతి దాకా వచ్చే గుడ్డ తొడుగులు కుట్టించాం, గాజులు లోపల ఉంటాయి, పని పైన జరుగుతుంది. అమెరికా ఆడిట్‌కి వచ్చినాయన ఆ తొడుగులే ఫొటో తీసుకున్నాడు. బల్లలు, మెటల్ డిటెక్టర్, వాక్యూమ్ మెషిన్ లాంటి వాటికి చిన్న ఆహార పరిశ్రమలకి 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద ఖర్చులో 35 శాతం, 10 లక్షల దాకా, రుణంతో ముడిపడిన సబ్సిడీ ఉంది, శ్రీకాకుళం జిల్లాకి ఎంచిన సరుకు జీడిపప్పే. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా, రాష్ట్ర ఫుడ్ ప్రాసెసింగ్ పాలసీ కింద ఏమొస్తుంది అని శ్రీకాకుళం జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒకేసారి అడిగేయండి. మెషిన్ కొనేశాక కాదు, కొనకముందు.

మన జిల్లాలో రొయ్యల వాళ్లని చూసి ఒక సంగతి గమనించండి. వాళ్ల మీద అమెరికా యాంటీ డంపింగ్ సుంకంతో (మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని వేసేది) పాటు, 2024లో సబ్సిడీకి ప్రతిగా ఇంకో సుంకం వేసింది, చాలా కంపెనీలకి 5.77 శాతం. మన దగ్గర వాపసు వచ్చే పన్నుల్ని, రాయితీల్ని వాళ్లు సబ్సిడీగా లెక్కకట్టారు. ఇక్కడ ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చింది అక్కడి ప్రభుత్వం ఇంకో చేత్తో తీసుకుంది. జీడిపప్పు అక్కడ పండదు, కాబట్టి మన మీద అలా కేసు వేసే రైతులు అక్కడ లేరు. ఆ మేరకు మనం అదృష్టవంతులం.

అమెరికా ఒక్కటే పట్టుకోవద్దు అని కూడా అంటాను. దుబాయ్ దగ్గర, ఓడ తొందరగా చేరుతుంది, 2022 మే 1 నుంచి వాళ్లతో మనకి వాణిజ్య ఒప్పందం ఉంది. దాని కింద సుంకం రాయితీ కావాలంటే సరుకు ఏ దేశానిదో చెప్పే ఆరిజిన్ సర్టిఫికెట్ ఉండాలి. ఐవరీకోస్ట్, టాంజానియా పిక్క తెచ్చి ఇక్కడ ఒలిచిన పప్పుకి అది అంత తేలిగ్గా రాదు, పిక్క ధరే ఖర్చులో సింహభాగం కదా. ఉద్దానం పిక్క అయితే ఆ ఇబ్బంది లేదు. 2018 తిత్లీ తుఫాను తర్వాత మన తోటలు పోయి ఆఫ్రికా పిక్క మీద ఆధారపడడం పెరిగింది. కానీ మీ నాన్నగారికి వజ్రపుకొత్తూరు వైపు రైతులతో పాత సంబంధాలున్నాయన్నారు, ఆ లాటుని వేరుగా కటింగ్ చేయించి, వేరుగా రాసి పెట్టుకోండి. రేపు ఏ దేశానికైనా అదే మీ బలం.

ఇంకోటి, దేశం లోపలి ధర. తక్కువ ధరకి విదేశీ పప్పు రాకుండా 2019లో గుళ్లకి కిలో 720, ముక్కలకి 680 రూపాయలు కనీస దిగుమతి ధర పెట్టారు. అది కూడా మనకి ప్రభుత్వం చేసిన సాయమే, ఎగుమతి చేయని వాళ్లకి కూడా అందేది. వియత్నాంతో పోటీపడి బయట అమ్మే ధర కన్నా దీపావళి ముందు ఇక్కడే ఎక్కువ వచ్చే నెలలు ఉంటాయి. ఎగుమతి చేయాలనే ఉత్సాహంలో ఆ నెలలు వదులుకోకండి.

చివరిగా ఆ న్యూజెర్సీ ఆర్డరు. 90 రోజుల అప్పు మీద కంటైనర్ ఇవ్వొద్దు. మొహం మీద కాదనక్కర్లేదు, మీ మేనత్త కొడుకు మాట పోకుండా ఇలా రాయండి: మొదటిసారి 100 కార్టన్లు, పలాసలోనే ఇంకో ఎగుమతిదారు కంటైనర్‌తో కలిసి వస్తాయి. ధర ఎఫ్‌ఓబీ విశాఖ. 30 శాతం అడ్వాన్సు, మిగతాది కాగితాలు మీ బ్యాంకుకి చేరగానే కట్టి విడిపించుకోవాలి. లోడింగ్ ముందు మీరు చెప్పిన తనిఖీ సంస్థే చూస్తుంది, ఆ రిపోర్టుకి ఇద్దరం కట్టుబడదాం. రెండో షిప్‌మెంటు నుంచి ఈసీజీసీ ఇచ్చిన లిమిట్ మేరకు 45 రోజుల అప్పు మాట్లాడుకుందాం. మీ కంపెనీ పూర్తి పేరు, చిరునామా, బ్యాంకు వివరాలు పంపగలరు.

నిజంగా కొనే మనిషైతే ఆ ఆఖరి వాక్యానికి వారంలో జవాబు వస్తుంది. వస్తే, ఆ వివరాలతో మొదట ఈసీజీసీ ఆఫీసుకి వెళ్లండి, ఆ తర్వాతే పిక్క కొనండి. షిప్పింగ్ బిల్లు చెక్ లిస్టు వచ్చిన రోజున ఇక్కడ రాయండి, వై ఎక్కడ చూడాలో నేను చెప్తాను.